విశేషణానికి తోకలు

మెతుకు నుంచే మెదకు వచ్చిందని మా వైపు పెద్దల మాట. మంచి మెతుకు, మంచి మెతుకులు. మెతుకు ఒకటైనా గంపెడైనా 'మంచి' మాత్రం మారదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి ఎద్దు. అందరికీ అదే మంచి!

అయితే 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉన్న మెదక్‌లో కచేరీ భాష ఉర్దూ. అక్కడ అబ్బాయి 'అచ్ఛా', అమ్మాయి 'అచ్ఛీ', నలుగురబ్బాయిలు చేరితే 'అచ్ఛే'. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు తోక మార్చడం మరిచాడో, నవ్వులపాలే.

ఉర్దూకి మూడు తోకలైతే జర్మన్‌కి ఐదు: ఎ, ఎన్, ఎమ్, ఎర్, ఎస్. 'డేర్ గూటె మాన్' అన్నా, 'ఐన్ గూటర్ మాన్' అన్నా మంచి మనిషే. మరి తోక ఎందుకు మారింది? ముందున్న 'డేర్' లింగం, విభక్తి తేల్చి చెప్పేసింది గనక విశేషణం పొట్టి తోకతో సరిపెట్టుకుంది. 'ఐన్' ఆ సంగతి తేల్చలేదు గనక ఆ బరువు విశేషణం నెత్తిన పడింది. ఇంట్లో పెద్దవాడు మోయకపోతే చిన్నవాడు మోసినట్టన్నమాట. మార్క్ ట్వేన్ మహాశయుడు 1880లో ఈ భాష మీద ఒక వ్యాసమే రాసి తన కసి తీర్చుకున్నాడు.

చిత్రమేమిటంటే, ఆ తోకల దేశంవాడే మన భాషకు వ్యాకరణం రాశాడు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతబోధకుడు మద్రాసులో ఉంటూ 1728లో తెలుగు వ్యాకరణాన్ని లాటిన్‌లో రాశాడు. అది అచ్చయింది 1984లో, జర్మనీలోని హాలేలో! ఆయనే రాసిన హిందుస్తానీ వ్యాకరణం మాత్రం 1745లోనే అచ్చయింది. 'మంచి'నీ 'అచ్ఛా'నీ రెంటినీ పట్టి చూసిన మనిషి!

ఇంతకీ తెలుగుకి తోకలే లేవా? ఉన్నాయి, చోటే వేరు. అతను మంచివాడు, ఆమె మంచిది, వాళ్లు మంచివాళ్లు. నామవాచకం ముందు మారని మాట వాక్యం చివరికొచ్చేసరికి వేషం మారుస్తుంది. జర్మన్ సరిగ్గా తలకిందులు. 'డేర్ మాన్ ఇస్ట్ గూట్, డీ ఫ్రౌ ఇస్ట్ గూట్': చివర్లో అందరికీ ఒకే గూట్!

ఇవాళ జర్మనీలో నర్సు ఉద్యోగం కోసం మన ఆడపిల్లలు ఈ తోకలన్నీ వల్లె వేస్తున్నారు. మొదట్లో ఒక తోక జారితే తెలివి తక్కువనుకోకండి. అమ్మభాష ఆ పనిని వాక్యం చివర చేయించడం నేర్పింది, అంతే. అప్పటి మెదక్ పిల్లవాడి 'అచ్ఛీ' సంగతీ ఇదే.