గురక చరిత్రలో పళ్ల డాక్టరు

"గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నట్టే" అనే మాట మన ఇళ్లలో వినని వాళ్లుండరు. ఆ గురక మధ్యలో ఆగి, కాసేపటికి మనిషి ఉలిక్కిపడి గాలి కోసం ఎగబీలిస్తే మాత్రం దెయ్యం గొంతు నొక్కిందంటారు. హాయైన నిద్రా కాదు, దెయ్యమూ కాదు, ఇంకో కారణం ఉందని తేల్చుకోడానికి వైద్యశాస్త్రానికే చాలా ఏళ్లు పట్టింది.

1836-37లో చార్లెస్ డికెన్స్ రాసిన 'పిక్విక్ పేపర్స్'లో జో అనే లావుపాటి కుర్రాడున్నాడు. ఎక్కడ నిలబెడితే అక్కడే గురకపెట్టి నిద్రపోతాడు. 1956లో అమెరికాలో బర్వెల్, ఆయన సహచరులు ఒక స్థూలకాయుడి కేసు ప్రచురిస్తూ 'పిక్వికియన్ సిండ్రోమ్' అన్న పేరు వాడారు. ఆ పెద్దమనిషి పేకాటలో మంచి ముక్కలు చేతిలో ఉండగానే నిద్రలోకి జారిపోయాడట! లావు వల్ల ఊపిరి సరిగా ఆడక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, పగటి మత్తు దానిదే అని వాళ్ల వివరణ.

వివరణ బాగానే ఉంది. కానీ రోగి రాత్రి ఎలా నిద్రపోతున్నాడో ఎవరూ చూడలేదు. ఆ పని 1965లో ఫ్రాన్సులో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో విడివిడిగా చేశారు. నిద్రలో శ్వాసనీ మెదడు తరంగాలనీ కలిపి నమోదు చేస్తే ఊపిరి పదేపదే ఆగిపోతోందని తేలింది. ఆగిన ప్రతిసారీ మెదడు క్షణంపాటు మేల్కొని గొంతు తెరుస్తోంది. తెల్లారి మనిషికి అదేమీ గుర్తుండదు. సాక్ష్యం చెప్పాల్సినవాడే నిద్రపోతుంటే ఇంకేం తెలుస్తుంది? పక్కన పడుకున్న భార్యలకు ఎప్పట్నుంచో తెలుసు, వాళ్లనెవరూ అడగలేదు. ఈ జబ్బునే ఇప్పుడు స్లీప్ ఆప్నియా అంటున్నాం. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది.

మొదట్లో చికిత్స అంటే గొంతు ముందు కన్నం పెట్టడమే. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ ముక్కుకు మాస్కు తగిలించి, కొద్దిపాటి పీడనంతో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా ఆపాడు. 'లాన్సెట్'లో ఐదుగురు రోగుల మీద ఫలితాలు వచ్చాయి. అదే సీపాప్ యంత్రం.

ఇక పళ్ల డాక్టర్ల సంగతి. చిన్న దవడ ఉన్న పిల్లల్లో నాలుక వెనక్కి పడి ఊపిరికి అడ్డొస్తుందని, కింది దవడను ముందుకు తెచ్చే పరికరం ఒకటి 1900ల మొదట్లోనే పియేర్ రోబాన్ చేశాడు. పెద్దవాళ్ల ఆప్నియాకి ఆ ఆలోచన చాలా ఆలస్యంగా చేరింది. 1982లో కార్ట్‌రైట్, శామెల్సన్ నాలుకను ముందుకు పట్టి ఉంచే పరికరం గురించి రాశారు. దవడను జరిపే పరికరాలు ఆ తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చాయి.

ఇందులో మన తెలుగువాడి పేరూ ఉంది. గుంటూరు జిల్లా నుంచి అమెరికా వెళ్లిన మత్తు డాక్టరు మల్లంపాటి శేషగిరిరావు, నోరు తెరిపించి గొంతు వెనకభాగం ఎంత కనిపిస్తోందో చూసి తరగతులుగా విడగొట్టే పద్ధతిని 1985లో ప్రచురించారు. ఆపరేషను ముందు గొట్టం వేయడం ఎంత కష్టమో అంచనా వేయడానికి పుట్టిన పద్ధతది. ఇప్పుడు ఆప్నియాని అనుమానించడానికీ వాడుతున్నారు.

మా బావ ప్రైవేటు బస్సు డ్రైవరు. గురక, ఉలికిపాటు చూసి ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. పన్ను నొప్పికి వెళ్తే, ఆయన నాలుక అంచుల మీద పళ్ల గాట్లు, ఇరుకు గొంతు చూసిన డాక్టరు "పగలు కునుకు వస్తుందా అండీ?" అని అడిగింది. అక్క పక్కనే ఉంది కాబట్టి నిజం బయటికొచ్చింది. నాకు నచ్చిందేమిటంటే, ఆ డాక్టరు అక్కడికక్కడే జబ్బు తేల్చేసి పరికరం అమ్మలేదు. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నిద్ర పరీక్షకు పంపింది. 2015 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే: జబ్బు తేల్చాల్సింది నిద్ర వైద్యుడు, పరికరం అమర్చాల్సింది దంతవైద్యుడు. ఊపిరి ఆగడాలను తగ్గించడంలో సీపాప్‌దే పైచేయి. మాస్కు భరించలేనివాళ్లకో, దానికి బదులు వేరే చికిత్స కోరుకునేవాళ్లకో ఈ పరికరం. వేడినీళ్లలో ముంచి కొరుక్కునే గురక మందులంటూ ప్రకటనలిచ్చేవాళ్లు ఈ తేడా చెప్పరు.

బావ మాస్కు భరించలేకపోయాడు. దవడ పరికరాన్ని కొన్ని వారాలపాటు మిల్లీమీటరు చొప్పున ముందుకు జరిపారు. తాయెత్తు మాత్రం అక్క తీయనివ్వలేదు, అది వేరే సంగతి. పరికరం పెట్టుకునే మళ్లీ నిద్ర పరీక్ష చేయించారు, ఆ కాగితం చూశాకే స్టీరింగు పట్టుకోనిచ్చారు.