యాటకూర పుట్టుపూర్వోత్తరములు

దసరా, బోనాలు మొదలగు పండుగలకు శంషాబాదు పరిసర గ్రామములలో కాపరి మందనుండి ఎంచి తెచ్చిన యాటను కోసి, మాంసమును పోగులు పెట్టి యింటింటికిని పంచుకొని, ఎఱ్ఱని కారముతోను కుడుకపొడితోను వండుకొను కూరను మనము అనాదిసిద్ధమని తలంచుచున్నాము. ఆ తలంపు సగమే సత్యము. మాంసము మిక్కిలి ప్రాచీనమైనదే కాని, దానికి నేడు ప్రాణముగా నెంచబడుచున్న యెఱ్ఱకారము ఈ దేశమున కాలు మోపి సుమారు ఐదువందల యేండ్లు మాత్రమే యైనది.

తెలంగాణమున పెద్దభాగము నేలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున సంతరించిన మానసోల్లాసమను సంస్కృత గ్రంథమందు రాజుల మాంసపాకములు సవిస్తరముగా వర్ణింపబడినవి. ఇంగువయు, మిరియములును, అల్లమును, పులుసును అందు గలవు, మిరపకాయ లేదు. ఉండుటకు వీలును లేదు. మిరప అమెరికాఖండపు మొక్క. 1492లో కొలంబసు ఆ ఖండపు దీవులను చేరిన తరువాతనే అది సముద్రములు దాటెను, 16వ శతాబ్దిలో పోర్చుగీసు నావల ద్వారా మన పడమటి తీరమున దిగెను. 1590 ప్రాంతమున అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో అక్బరు వంటశాల దినుసులను తూకములతో సహా వ్రాసినప్పుడును మిరియములనే పేర్కొనెను. మిరియము మలబారునుండి రావలసిన వెలగల సరకు. మిరపయో, వాకిటి మడిలోనైనను కాచునది. పేదవాని కుండలోనికి కారము సమృద్ధిగా వచ్చినది మిరపతోనే గనుక, ఈ కూర చరిత్రలో ఇంతకు మించిన మార్పు వేఱొకటి లేదని నా నిశ్చితాభిప్రాయము.

ఇక మాంసమన్ననో, అది కురుమలయు గొల్లలయు కష్టార్జితము. వాన చాలని యీ పీఠభూమిపై తరతరములుగా మనుగడ సాగించిన దక్కనీ గొఱ్ఱె, తన నల్లని ముతక ఉన్నితో గొంగడినిచ్చి, క్రోసులకొలది నడచి మేయుటచే కండ బిగిసిన మాంసమునిచ్చినది. బిగికండకు తొందర పనికిరాదు. కీళ్ళదగ్గఱి కండలను కట్టియుంచు గట్టి పోగులు సన్నని సెగపై చాలసేపు ఉడికినగాని మెత్తబడి పులుసునకు చిక్కదనమునీయవు. ఉల్లిగడ్డలను ఎఱ్ఱబడువఱకు వేచి, అల్లము వెల్లుల్లి ముద్దను పచ్చివాసన పోవునట్లు వేగించి, పసుపును ఉప్పును పట్టించిన మాంసమును వేసి మూతబెట్టినచో, మొదట అది తన నీటనే ఉడుకును. ఆ నీరిగిరి నూనె తేలిన పిమ్మటనే కారమును ధనియాలపొడిని చేర్చి, కాసేపు కలియబెట్టి, వేడినీరు పోయవలెను. మిరప యెఱుపును ఘాటును నూనెలో కరగునట్లు నీటిలో కరగవు. ఈ రసాయనశాస్త్రమును మన యింటి స్త్రీలు ఏ బడిలోను చదువకయే చేతితో నెఱిగియుండిరి.

గోలకొండ కుతుబ్‌షాహీలు 1591లో హైదరాబాదును నిర్మించిన నాటినుండి, తరువాత అసఫ్‌జాహీల కాలమునను, షాజీర, దాల్చినచెక్క, లవంగము, గసగసాలు కలిపి నూఱు పద్ధతి నగరపు వంటశాలలలో వర్ధిల్లినది. శంషాబాదు ఆ నగరమునకు చేరువనుండి, పైగా అను వంశపు ప్రభువుల జాగీరు అగుటచే, నవాబు దివాణపు వంటయు కాపరి గుడిసెలోని వంటయు ఇచట ఇరుగుపొరుగులై మనినవి. ఇచ్చిపుచ్చుకొనుట ఉభయత్ర జరిగినది: పల్లెకూరలోనికి గరంమసాలా ప్రవేశింపగా, మన చింతచిగురు చుగుర్ గోష్త్‌యై, గోంగూర అంబాడే కా గోష్త్‌యై నగరపు దస్తర్‌ఖానులపై వెలసినవి. పులుపునకు చింతను ఆశ్రయించుట హైదరాబాదు వంటను ఉత్తరదేశపు వంటనుండి వేఱుచేయు ప్రధానలక్షణము. అది తెలుగునేల పెట్టిన భిక్షయని నేను గర్వముతో చెప్పగలను. టమాటాయో, చాల తరువాత వచ్చిన క్రొత్తచుట్టము.

ఇక నేటి మందల సంగతి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము సుమారు 5,500 ఎకరముల నేలపై ప్రారంభమయ్యెను. ఈ ప్రాంతమున మంద తిరుగు నేల యేటేట తఱుగుచున్నది. మఱొకవంక 2017 జూనులో రాష్ట్రప్రభుత్వము గొఱ్ఱెల పంపిణీ పథకమును ఆరంభించెను. 2019 పశుగణనలో సుమారు 1.91 కోట్ల గొఱ్ఱెలతో తెలంగాణము దేశమున ప్రథమస్థానమునందెను. అయినను ఉన్నికి గిరాకి పడిపోవుటచే కాపరులు నెల్లూరు పొట్టేళ్ళతో మందలను సంకరము చేయుచుండగా, అసలైన దక్కనీ జాతి క్షీణించుచున్నది. సంఖ్య పెరిగినంతనే జాతి నిలువదు.

కావున పాఠకమహాశయులారా, వచ్చు ఆదివారము మాంసము తెచ్చునప్పుడు, దక్కనీ గొఱ్ఱె దొరకునేమో అడుగుడు. దొరకినచో ముంజేతి ముక్కలను, ముడుసులను కోరుడు. అంగడి మసాలా పొట్లమును ప్రక్కనుంచి కుడుకను, ధనియాలను ఇంటనే వేయించి నూఱుకొనుడు. పొయ్యికి గంటన్నర కాలము నిశ్చింతగా నొసగుడు.