మండువా లోగిలి విస్తరణ

కోస్తా ఆంధ్రలో, ముఖ్యంగా గోదావరి జిల్లాల్లో, తరాలుగా నిలిచిన మండువా లోగిళ్లకు పాత రూపు చెడకుండా గదులు, వసతులు చేర్చే పని. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలు, టేకు స్తంభాలు, లోపలికి వాలిన పెంకుల కప్పు ఈ ఇళ్ల లక్షణం. నాలుగు వాలుల వాన నీరూ మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. గదులకు వెలుతురూ గాలీ అక్కడి నుంచే.

అందుకే మండువాపై శ్లాబు వేసి హాలుగా మార్చడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు: ఒక గది కలిసొస్తుంది గానీ ఇల్లంతా చీకటవుతుంది. కొత్త గదులకు తగిన చోటు పెరడు. వాటిని పాత గోడకు అతికించక, కొంత ఎడం వదిలి, కప్పున్న నడవాతో కలపడం మేలు. కప్పు బరువు మోసేది పాత గోడలే కనుక వాటి పక్కనే పునాది కన్నా లోతుగా తవ్వితే బీటలు వారే ప్రమాదం ఉంది.

సున్నంతో కట్టిన గోడకు మరమ్మతూ సున్నంతోనే చేయాలి. అది పీల్చిన చెమ్మను తిరిగి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి ఇటుక పొడిగా రాలుతుంది.

కొత్త భాగం పాతదాన్ని అచ్చుగుద్దినట్టు ఉండాలా అన్నది వివాదాంశం. పునరుద్ధరణలో తప్పనిసరైన కొత్త పని తన కాలపు ముద్రతో వేరుగా తెలియాలని చారిత్రక కట్టడాల పరిరక్షణకు మార్గదర్శకమైన 1964 నాటి వెనిస్ పత్రం చెబుతుంది. ఇంటివారు మాత్రం పడగొట్టిన మరో ఊరి లోగిలి గుమ్మాలు కొని తెచ్చి బిగించడానికే ముచ్చటపడతారు.