కట్ట మీది దేవుళ్లు

నల్గొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా మా మెట్ట సీమలో ఏ ఊరికి పోయినా, ఆ ఊరి దేవతలు ఎక్కడున్నారో ఎవరినీ అడగకుండానే చెప్పొచ్చు. చెరువు కట్ట మీద తూము దగ్గర మైసమ్మ ఉంటుంది. ఊరి చివర వేపచెట్టు కింద పోచమ్మ ఉంటుంది. గుట్ట సందులో ఊట కనిపిస్తే అక్కడ లింగమయ్య ఉంటాడు. నీళ్లు నిలిచిన చోట, నీడ దొరికిన చోట మా పెద్దలు ఒక రాయి నిలబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టిపోయారు. బడిలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని నేను. ఈ ప్రాంత చరిత్ర నాకు రాజవంశాల పట్టికలో కంటే ఈ బొట్టు రాళ్లలోనే తేటగా కనిపిస్తుంది.

దీనికి కారణం మా నేలే. ఏడాదికి పడే వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం నైరుతి గాలుల నాలుగు నెలల్లోనే పడుతుంది. కింద గట్టి గ్రానైటు రాయి, నీళ్లు ఇంకడానికి తావు తక్కువ. కృష్ణ పక్కనే పారుతుందన్న మాటే గానీ, ఆమె దారి లోతున, మా చేన్లు మిట్టన. పడిన చినుకును వాగుకు అడ్డంగా కట్ట పోసి ఆపుకుంటేనే వరి, లేకుంటే జొన్నలు, ఆముదాలే. అలాంటి చోట నిండిన చెరువును చూసి మనిషి చేతులు జోడించాడంటే అందులో వింతేముంది?

ఈ సంగతి పిల్లలకు అర్థం కావాలని నేను వాళ్లను పానగల్లుకు తీసుకుపోయేవాణ్ని. నల్గొండ పట్నానికి ఆనుకునే ఉంటుందా ఊరు. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో కందూరు చోడులు దాన్ని రాజధానిగా చేసుకుని ఏలారు. మొదట కళ్యాణి చాళుక్యులకు సామంతులు, తర్వాత కాకతీయుల నీడకు చేరారు. ఆ వంశంలోని ఉదయచోడుడి పేరునే అక్కడి చెరువు ఉదయసముద్రమైంది. వాళ్ల కోటలు, మేడలు మనకు మిగల్లేదు. చెరువు మిగిలింది, గుళ్లు మిగిలాయి. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత కథలు ఇప్పటికీ రాతిలో నడుస్తుంటాయి. దాని ఆవరణలోనే మ్యూజియం ఉంది.

పిల్లలు ఎక్కువసేపు నిలబడిపోయేది మాత్రం ఛాయా సోమేశ్వరంలో. అది త్రికూటాలయం, అంటే ఒకే మండపంలోకి తెరుచుకునే మూడు గర్భగుళ్లు. శివలింగం ఉన్న గుడిలో, లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ ఒకటి కనిపిస్తుంది. సూర్యుడు తూర్పున ఉన్నా పడమటికి వాలినా పగలంతా ఆ నీడ చోటు మారదు. ఏ స్తంభానిదో వెతుకుదామని పిల్లలు మండపమంతా తిరిగేవాళ్లు. ఎండ నేరుగా లోపలికి రాదు. చుట్టుపక్కల రాళ్ల మీద పడి చెదిరిన వెలుగు వేర్వేరు దిక్కుల నుంచి లోపలికి చేరుతుంది. ముందున్న స్తంభాలు ఆ వెలుగును అడ్డుకున్న మేర నీడ ఏర్పడుతుంది. భౌతికశాస్త్రం చెప్పే జవాబు ఇది.

"సార్, అయితే అది దేవుడు కాదా, వట్టి వెలుతురేనా?" అని ఒక పిల్లాడు అడిగాడు. వట్టి వెలుతురే అయితే ఇన్ని వందల ఏళ్లు మనుషులు దాన్ని చూడటానికి ఎందుకు వస్తున్నారని నేను ఎదురు ప్రశ్న వేశాను. ఆ స్థపతి ఏ కొత్త వెలుగునూ పుట్టించలేదు. రోజూ అందరి ఇళ్లలోకీ వచ్చే వెలుగే అది. ఎటు నుంచి వస్తుందో, ఎక్కడ ఆగుతుందో ఓపికగా చూసి, దానికి తగ్గట్టు రాళ్లు నిలబెట్టాడు. దేవుణ్ని చూడటమంటే నాకు అంతకంటే మంచి ఉదాహరణ తెలియదు. గుడి చుట్టూ ఉదయసముద్రం నీళ్లతో పారే వరిమళ్లు. లోపల వెలుగు, బయట నీరు, రెండూ ఒకే కాలపు మనుషుల చూపు.

గుడినీ చెరువునూ వేరుచేసి చూడటం ఆ కాలానికి తెలియదు. సప్తసంతానాల్లో, అంటే మనిషి పేరు నిలిపే ఏడింటిలో, గుడితో పాటు తటాకాన్నీ లెక్కపెట్టారు. చెరువు తవ్వించినవాడికి కొడుకు పుట్టినంత పుణ్యమన్నారు. ఆ పుణ్యం మాటకే వదిలేయలేదు, దశబంధం పేరుతో చెరువు తవ్వించి కాపాడేవాళ్లకు భూమిలో భాగం రాసిచ్చారు. ఆ ఆలోచన తర్వాతి కాలంలోనూ పోలేదు. వనపర్తి సంస్థానం చెరువులకు సప్తసముద్రాలని పేరు. వాటిలో రంగసముద్రం ఒడ్డునే శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి ఉంటుంది. నీళ్లలో గోపురం కనపడాలని కట్టినట్టే ఉంటుంది అక్కడ.

రాజులు కట్టించారు సరే, రోజూ చూసుకున్నదెవరు? ఊరి నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు పారాలో, కట్టలో ఎక్కడ ఎండ్రకాయ బొరియ పడిందో అతనికే ఎరుక. పంట ఇంటికొచ్చినప్పుడు కళ్లంలో అతని వాటా గింజలు అతనికి కొలిచేవాళ్లు. వాన రాత్రి కట్ట మీద ఒంటరిగా లాంతరు పట్టుకుని తిరిగే ఆ మనిషికి తోడెవరంటే మైసమ్మే. చెరువు నిండి మత్తడి దుంకితే ఊరంతా బోనాలెత్తుకుని ఆ తల్లి దగ్గరికి కదిలేది. మా నాయనమ్మ కొత్తనీళ్లు వచ్చిన రోజు కట్ట కిందే మమ్మల్ని ఆపేది. "గంగమ్మ ఇంటికొచ్చింది, చెప్పులిడిసి ఎక్కుండ్రి" అనేది. ఆమె గుడికి పోయింది తక్కువ. ఆ కట్టకు మాత్రం దండం పెట్టకుండా దాటింది లేదు.

ఈ చూపు ఒక్క కులానిదో ఒక్క మతానిదో కాదు. నల్లమలలో సలేశ్వరం ఉంది. కొండల నడుమ లోయలోకి జలధార దూకి గుండంలో పడుతుంది, ఆ పక్క గుహలో లింగమయ్య. చైత్ర పున్నమికి కొద్దిరోజులే జాతర. పూజ చేసేది చెంచులు. రాళ్లూ ముళ్లూ దాటుకుంటూ పోయే జనం, వెళ్లేటప్పుడు వస్తున్నామనీ తిరిగేటప్పుడు పోతున్నామనీ లింగమయ్యకు గట్టిగా చెప్పుకుంటూ నడుస్తారు, చుట్టపింటికి పోయి వచ్చినట్టు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి వయసు ఏడు వందల ఏళ్లంటారు. ఊడలు దిగి దిగి మూడెకరాలకు పైగా పరుచుకున్న ఆ మర్రి కింద ముస్లిం సాధువుల సమాధులున్నాయి. ఆ నీడన హిందువులూ ముస్లిములూ మొక్కారు. 2017 చివర అందులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు లోపలంతా తినేశాయని తేలింది. 2018లో అటవీ శాఖవాళ్లు రోగికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చెట్టులోకి మందు ఎక్కించారు. దండం పెట్టిన చెట్టుకు వైద్యం కూడా చేయాలని ఆ సీసాలు గుర్తుచేశాయి.

ఇక బతుకమ్మ. వానలు వెనకబట్టి చెరువులు నిండుగా ఉండే రోజుల్లో వస్తుంది. చేను గట్ల మీద ఎవరూ విత్తనమేయకుండా పూసిన తంగేడు, జొన్నచేలో కలుపని పీకేసే గునుగు, పాదు మీది గుమ్మడి పువ్వు, ఇవే ఆ తల్లి శరీరం. పువ్వులతో దేవుణ్ని పూజించడం అంతటా ఉంది. పువ్వునే దేవతగా పేర్చి, చుట్టూ ఆడి, తొమ్మిదో రోజు సద్దులు పంచుకుని చెరువుకు సాగనంపడం మా దగ్గర ఉంది. 2014లో రాష్ట్రం వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. గౌరవం బాగానే దక్కింది. తంగేడు పొదలు మాత్రం ప్లాట్ల కింద పోతున్నాయి, పువ్వు కోసం ఇప్పుడు బజారుకు పోతున్నాం.

అసలు దెబ్బ చెరువుకు తగిలింది. కరెంటు మోటార్లు వచ్చాక, బోరు పడ్డాక, మన నీళ్లు మనింట్లోనే ఉన్నాయన్న ధీమా వచ్చింది. నీరటి అక్కర తీరింది. పూడిక తీసేవాడు లేకుండా పోయాడు, వాగు నుంచి వచ్చే కాలువలు దున్నుకున్నారు, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూములు కబ్జా అయ్యాయి. బోర్లు తోడే లోతు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లలో ఎముకలు వంగిన మనుషులను దేశమంతా ఫొటోల్లో చూసింది. నాగపూర్‌లోని నీరి (NEERI) పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారుచేస్తే దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరొచ్చింది. మా జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలిసింది. ఉదయసముద్రం ఇప్పుడు నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి ఎత్తిపోసే కృష్ణ నీళ్లతో నిండుతోంది. 2015 నుంచి మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు, ఇళ్లకు నల్లా నీళ్లొచ్చాయి. అవన్నీ మేలే. అయినా చెరువు సర్కారుదనుకున్న రోజు నుంచి మైసమ్మ కూడా సర్కారు మైసమ్మే అవుతుంది. గుడికి గ్రానైటు, టైల్సు వేయించడానికి చందాలొస్తున్నాయి, పక్కనున్న తూముకు తుప్పు పట్టి పలక ఎత్తడానికి వీల్లేకుండా ఉంది.

మా పెద్దలు నీళ్లలో దేవుణ్ని చూశారంటే కళ్లు మూసుకుని చూడలేదు. కట్టకు గండి ఎక్కడ పడుతుందో చూసే కళ్లతోనే తల్లినీ చూశారు. ఆ రెండు చూపులూ విడిపోయాక మిగిలేది అలంకారమే. అందుకే మా ఊళ్ల వాళ్లకు ఒక విన్నపం. ఈసారి మైసమ్మకు బోనం పెట్టడానికి కట్ట ఎక్కినప్పుడు, కొబ్బరికాయ కొట్టేముందు తూము ఒకసారి చూడండి. బతుకమ్మను సాగనంపి వచ్చేటప్పుడు ఒడ్డున పడ్డ ప్లాస్టిక్ సంచులు మీతో తెచ్చేయండి. వచ్చే గ్రామసభలో మన చెరువు శిఖం ఎన్నెకరాలు, ఇప్పుడు ఎంత మిగిలిందని లెక్క అడగండి.