వారానికి ఎన్ని గంటలు పని చేస్తున్నాం?

వారానికి ఎన్ని గంటలు పని చేస్తారని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా అరవై అనేవాణ్ణి. మా ఇల్లు ఫహాహీల్‌లో, ఆఫీసు కువైట్ సిటీలో. ఒక వారం పాటు పని మొదలైన టైము, ముగిసిన టైము డైరీలో రాసి చూస్తే తేలింది 49. మిగతా 11 గంటలూ కారు ప్రయాణం, భోజనం. నేను అబద్ధం చెప్పలేదు, ఇంటి బయట గడిపినదంతా పనిగా లెక్కేశానంతే!

ఇది నా ఒక్కడి పొరపాటు కాదు. వారానికి 75 గంటలకు పైగా పని చేస్తున్నామని చెప్పినవారు డైరీ లెక్క కంటే సుమారు 25 గంటలు ఎక్కువ చెప్పారని అమెరికాలో రాబిన్సన్, బోస్ట్రమ్ 1994లో రాశారు. అయితే అందరి సగటూ తీసుకుని, ఒకే వారానికి పోలిస్తే సర్వేకూ డైరీకీ తేడా తక్కువేనని ఫ్రేజిస్, స్టువర్ట్ 2004లో చూపారు. అంటే సగటును నమ్మవచ్చు, ఒక్కొక్కరి జవాబును నమ్మడం కష్టం.

అందుకే మన దేశంలో 2017లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే వారంలో ఒక్కో రోజు గంటలనూ విడిగా అడుగుతుంది. 2019 టైమ్ యూజ్ సర్వే ఉదయం 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంట చొప్పున నమోదు చేసింది.

తప్పు రెండో వైపూ జరుగుతుంది. ఇళ్ళలో పనిచేసే కడప జిల్లా అక్కను ఒకరిని ఇదే ప్రశ్న అడిగాను. "వంటకి, తుడవడానికి ఎనిమిది గంటలు నాయనా" అంది. మరి రాత్రి అతిథులు వెళ్ళేదాకా మేలుకుని ఉండడం? "అది పనేముంది, ఊరికే కూచోవడమే కదా!" కానీ 2008లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సమావేశం ఇచ్చిన నిర్వచనం ప్రకారం పని కోసం సిద్ధంగా వేచి ఉండడమూ పనే. ఇంటి నుంచి ఆఫీసుకు ప్రయాణం, భోజన విరామం పని కాదు. ఆమె తరఫున యజమాని జవాబు చెబితే ఆ గంటలు అసలు కనిపించవు.

ఇది గణాంకాల గొడవ మాత్రమే కాదు. కువైట్ 2010 కార్మిక చట్టంలో ప్రైవేటు ఉద్యోగికి వారానికి 48 గంటలు పరిమితి, ఓవర్‌టైముకు 25 శాతం అదనం. అదనపు పని చేయించారని ఉద్యోగి ఏ రకంగానైనా రుజువు చేసుకోవచ్చు. ఇంటిపనివారికి 2015 చట్టం రోజుకు 12 గంటలకు మించకూడదంటుంది. జ్ఞాపకం మీద చెప్పిన గంటల కంటే ఏ రోజుకారోజు రాసుకున్న చిన్న పుస్తకమే అక్కడ అక్కరకొస్తుంది.

మీకు తెలిసిన డ్రైవర్లకీ, ఇళ్ళలో పనిచేసే అక్కలకీ ఈ మాట చెప్పండి. రాయడం రానివారికి మొబైల్‌లో రోజూ రెండు వాయిస్ మెసేజ్‌లు చాలు: పని మొదలైనప్పుడు ఒకటి, ముగిసినప్పుడు ఒకటి.