పచ్చికపై అడుగుపెట్టే హక్కు

లాన్ బౌల్స్ అనే ఆటలో నున్నగా కత్తిరించిన పచ్చిక మీద ముందుగా జాక్ అనే చిన్న బంతిని దొర్లించి, ఆ తరువాత బౌల్స్ అనే పెద్ద బంతులను దానికి వీలైనంత చేరువగా పంపుతారు. బౌల్‌ను ఒక పక్కకు ఒరిగేటట్లు మలుస్తారు కనుక, వేగం తగ్గేకొద్దీ అది దారి మార్చి వంపు తిరుగుతుంది. ఈ గుణానికి బయాస్ అని పేరు. ఆటకు కావలసిన సరంజామా ఇంతే అయినా, దానిని ఎవరు ఆడవచ్చునన్న విషయాన్ని ఇంగ్లండులో మూడు శతాబ్దాల పాటు చట్టమే నిర్ణయించింది.

ఎనిమిదవ హెన్రీ కాలంలో 1541లో వచ్చిన శాసనం ప్రకారం చేతివృత్తులవారు, కూలీలు, సేవకులు, పనినేర్చుకునే కుర్రవాళ్లు క్రిస్మస్ రోజుల్లో, అదీ యజమాని ఇంట్లో లేదా ఆయన సమక్షంలో తప్ప బౌల్స్ ఆడరాదు. ఏటా 100 పౌండ్లు, అంతకు మించి రాబడినిచ్చే భూములున్నవారు మాత్రం తమ సొంత స్థలాల్లో ఆడించుకోవడానికి అనుమతి పొందవచ్చు. జనం విలువిద్యను నిర్లక్ష్యం చేస్తున్నారన్నది పాలకులు చూపిన కారణం కాగా, తన ప్రాసాదంలో బౌలింగ్ ప్రాంగణాలు కట్టించుకున్న రాజుకు ఆ బెంగ ఉన్నట్లు తోచదు. 1588లో స్పెయిన్ నౌకాదళం వస్తున్నదని తెలిసినా ఇంగ్లీషు నౌకాధిపతి ఫ్రాన్సిస్ డ్రేక్ ప్లిమత్‌లో ఆట ముగించే కదిలాడన్న ప్రసిద్ధ కథ కూడా, ఆ సంఘటన జరిగిన దశాబ్దాల తరువాతే రాతకెక్కింది కనుక, చరిత్రగా కన్నా పెద్దమనుషుల ఆటకు అల్లిన శోభగా చూడడమే న్యాయం.

శాసనంలోని ఈ నిషేధం 1845లో తొలగింది. అంతకు ముందే, 1830లో, ఎడ్విన్ బడింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందడంతో, కొడవళ్లతో, గొర్రెలమందలతో చదును చేయవలసిన పచ్చికను కొద్దిమంది మనుషులే సాకగలిగే వీలు ఏర్పడింది. స్కాట్లండులో గ్లాస్గోకు చెందిన విలియం మిచెల్ 1849లో, అంతవరకు ఊరికొక తీరుగా ఉన్న నియమాలను ఒక క్రమంలో పెట్టాడు. ఇప్పటి నిబంధనలకు మూలం అదే. ఖర్చును పదిమందీ పంచుకునే క్లబ్బు అనే ఏర్పాటు వేళ్లూనడానికి ఈ మూడూ దోహదం చేశాయి.

అయితే చట్టం పోయినా వాకిట కాపలా పోలేదు. కొత్తవారు చేరాలంటే పాత సభ్యుడొకరు పేరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి, ఆ పేరును కొన్నాళ్లు నోటీసు బోర్డు మీద ఉంచిన తరువాత కమిటీ తేల్చాలి అన్నది చాలా క్లబ్బుల ఆనవాయితీ. అభ్యర్థి ఆటతీరు కన్నా అతనికి తెలిసిన మనుషులు ఎవరన్నదే ఈ పద్ధతిలో ముఖ్యమయ్యేది.

వలసలతో పాటు ఈ ఆట, ఈ ఆనవాయితీ కూడా ఆస్ట్రేలియాకు చేరాయి. 1840ల మధ్యలో టాస్మానియాలోని శాండీ బే వద్ద ఒక సత్రానికి అనుబంధంగా ఆట సాగింది. మెల్బోర్న్ బౌలింగ్ క్లబ్ 1864లో ఏర్పడింది. ఆస్ట్రేలియా క్లబ్బుల్లో తెల్లని దుస్తుల నియమం ఎంత పట్టుగా సాగిందో, స్త్రీలను వేరుగా ఉంచే నియమమూ అంతే పట్టుగా సాగింది. విక్టోరియా రాష్ట్ర స్త్రీలు 1907లో తమ సొంత సంఘాన్ని స్థాపించుకోవలసి వచ్చింది. వయసు మీరినవారి ఆటగా పేరుపడి సభ్యులు తగ్గిపోయిన తరువాతనే, ఆ క్లబ్బులు చెప్పులు విడిచి మామూలు బట్టలతో ఆడుకునే పద్ధతిని వారాంతాల్లో వచ్చిపోయేవారికి తెరిచాయి; పవిత్రంగా కాపాడుకున్న మర్యాదలను సడలించినది ఉదారభావం కన్నా ఖాళీ అయిన ఖజానాయే అనుకోవచ్చు.

భారతదేశంలో ఈ ఆట బ్రిటిష్ కాలపు కలకత్తా క్లబ్బుల చుట్టూనే చాలాకాలం తిరిగింది. అయితే 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల ఫోర్స్, అంటే నలుగురేసి ఆడే విభాగపు ఫైనల్లో, దక్షిణాఫ్రికాను 17–10తో ఓడించి దేశానికి ఈ ఆటలో తొలి స్వర్ణం తెచ్చిన లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపారాణి తిర్కీలలో అప్పటికి లవ్లీ చౌబే జార్ఖండ్ పోలీసు కానిస్టేబుల్, పింకీ ఢిల్లీలో వ్యాయామ ఉపాధ్యాయిని.