ఉత్తర అడవుల చెట్ల పెరుగుదలపై భూతాపం ప్రభావం

అలాస్కా, కెనడా, స్కాండినేవియా, సైబీరియాల మీదుగా ఉత్తరార్ధగోళానికి పట్టీ కట్టినట్లు విస్తరించిన శృంగాకారపు అడవులను టైగా లేదా బోరియల్ అడవులు అంటారు. ప్రపంచ అటవీ విస్తీర్ణంలో ఇవి నాలుగో వంతుకు పైగా ఉన్నాయి. స్ప్రూస్, ఫిర్, పైన్, లార్చ్, బిర్చ్ ఇక్కడి ముఖ్య వృక్షాలు. వీటి పెరుగుదలకు చలి అడ్డు కనుక భూమి వేడెక్కితే ఇవి ఏపుగా పెరుగుతాయని చాలాకాలం భావించారు. ఇది సగమే నిజమని, నేలలో తగినంత తేమ ఉన్నచోటనే వేడి మేలు చేస్తుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

వార్షిక వలయాలు

చలి ప్రాంతపు చెట్టు కాండం వేసవిలోనే లావెక్కుతుంది. వేసవి మొదట్లో ఏర్పడే కణాలు పెద్దవిగా, లేత రంగులో ఉంటాయి. చివర్లో ఏర్పడేవి చిన్నవిగా, ముదురు రంగులో ఉంటాయి. ఈ రెండూ కలిస్తే ఒక సంవత్సరపు వలయం. వలయాలను లెక్కించడానికి చెట్టును నరకనవసరం లేదు. లోపల బోలుగా ఉండే బరమాతో పెన్సిలు కంటే సన్నని చెక్కపుల్లను తీసి కొలుస్తారు. అనుకూలమైన ఏట వలయం వెడల్పుగా, ప్రతికూలమైన ఏట సన్నగా ఉంటుంది. ఈ శాస్త్రానికి పునాది వేసిన ఎ.ఇ. డగ్లస్ వృక్షశాస్త్రజ్ఞుడు కాదు, అమెరికాకు చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. సూర్యుని మచ్చలకు, వాతావరణానికి గల సంబంధాన్ని వెదుకుతూ ఆయన చెట్ల వైపు మళ్ళాడు. 1937లో అరిజోనా విశ్వవిద్యాలయంలో వలయాల పరిశోధనశాలను నెలకొల్పాడు.

థర్మామీటర్లు లేని శతాబ్దాల ఉష్ణోగ్రతలను అంచనా వేయడానికి ఉత్తరాది చెట్ల వలయాలు ఒక ముఖ్య ఆధారం. అయితే 1998లో కీత్ బ్రిఫా, ఆయన సహచరులు ఇందులో ఒక చిక్కును చూపారు. సుమారు 1960 తరువాత చాలాచోట్ల ఉష్ణోగ్రత పెరిగినా, వలయాల వెడల్పు, సాంద్రత ఆ మేరకు పెరగలేదు. దీనిని "డైవర్జెన్స్ సమస్య" అంటారు. ఇది అన్ని ప్రాంతాలలోనూ కనబడదు. కనబడినచోట కూడా కారణం ఒక్కటే కాదు.

అలాస్కా తెల్ల స్ప్రూస్

ఒక కారణాన్ని స్పష్టంగా చూపినది 2000లో వాలరీ బార్బర్, గ్లెన్ జుడే, బ్రూస్ ఫిన్నీ ప్రచురించిన అధ్యయనం. అలాస్కా లోతట్టు ప్రాంతంలోని తెల్ల స్ప్రూస్ చెట్లు వేడి ఎక్కువైన సంవత్సరాలలో తక్కువ పెరిగినట్లు వారు కనుగొన్నారు. కారణం నీటి ఎద్దడి. మంచు ప్రదేశమనగానే నీటికి కొరత ఉండదని అనుకోవడం సహజం. కాని అక్కడి ఫెయిర్‌బాంక్స్ పట్టణంలో వర్షం, మంచు కలిపి ఏడాదికి పడేది సుమారు 300 మిల్లీమీటర్లే. చలి వలన ఆవిరయ్యే నీరు తక్కువ కాబట్టి ఇంతకాలం ఆ కొద్దిపాటి తేమ సరిపోయింది.

గాలి వేడెక్కిన కొద్దీ ఆకుల నుండి నీటిని ఎక్కువగా లాగుతుంది. వేళ్ళు అంత నీటిని అందించలేనప్పుడు చెట్టు పత్రరంధ్రాలను మూసుకుంటుంది. దానితో నీరు మిగులుతుంది కాని, కార్బన్ డయాక్సైడు లోపలికి రావడం తగ్గి కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. అంటే చెట్టు దాహం తగ్గించుకోవడానికి పస్తు ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడును ఈ అడవులు ఎంత ఇముడ్చుకుంటాయో వేసే లెక్కలలో ఈ విషయం కీలకం.

నీటి ఎద్దడికి లోనైన చెట్టు కీటకాలను కూడా సరిగా ఎదుర్కోలేదు. స్ప్రూస్ బెరడు పురుగు జీవితచక్రానికి సాధారణంగా రెండేళ్ళు పడుతుంది. వేసవి వెచ్చగా ఉంటే ఒక్క ఏడాదిలోనే ముగుస్తుంది. 1990 దశకంలో అలాస్కాలోని కెనాయ్ ద్వీపకల్పంలో ఈ పురుగు వలన స్ప్రూస్ అడవులు విస్తారంగా ఎండిపోయాయి.

మేలు జరిగిన చోట్లు

అడవి ముగిసి టండ్రా మొదలయ్యే అంచులలో పరిస్థితి వేరు. 2011లో ఉపగ్రహ చిత్రాలను, వలయాలను కలిపి చేసిన పరిశీలనలో అలాస్కా లోతట్టు అడవుల ఉత్పాదకత తగ్గగా, టండ్రా అంచున పెరిగినట్లు తేలింది. ఆ రాష్ట్రపు వాయవ్య భాగంలో తెల్ల స్ప్రూస్ టండ్రాలోకి చొచ్చుకుపోతున్నట్లు 2022లో మరో బృందం తెలియజేసింది.

క్షేత్ర ప్రయోగాలు

ఉత్తర మిన్నెసోటాలో పీటర్ రైక్ బృందం ఆరుబయటనే మొక్కలను, నేలను వేడిచేసి పరీక్షించింది. 3.4 డిగ్రీల సెల్సియస్ అదనపు వేడిలో 11 జాతుల లేత చెట్లు నేల తడిగా ఉన్నప్పుడు కిరణజన్య సంయోగక్రియను పెంచుకున్నాయి, నేల పొడిగా ఉన్నప్పుడు తగ్గించుకున్నాయి. 2018లో వెలువడిన ఈ ఫలితం అలాస్కా వలయాలు చెప్పిన దానితో సరిపోయింది. అదే బృందం 2022లో ప్రచురించిన మరొక ప్రయోగంలో 1.6 డిగ్రీల అదనపు వేడికే తొమ్మిది జాతుల లేత మొక్కలలోనూ మరణాలు పెరిగాయి. బాల్సమ్ ఫిర్, తెల్ల స్ప్రూస్‌ల పెరుగుదల బాగా కుంటుపడింది. ఎర్ర మేపుల్, చక్కెర మేపుల్ మాత్రం ఇంకా బాగా పెరిగాయి. అయితే ఆ అడవులలో మేపుల్ చెట్లు అరుదు. చనిపోయే ఫిర్, స్ప్రూస్‌ల స్థానాన్ని అవి త్వరగా భర్తీ చేసే అవకాశం తక్కువ.